రిపోర్టులో 47 అని ఉంది, మా ఆవిడకి ఎలా చెప్పను?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. సొంతూరు గుంటూరు వైపు. పేరు వేయొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను. ఆయనకి 32, భార్యకి 27. పెళ్లై నాలుగేళ్లు, పిల్లల్లేరు. పరీక్షలన్నీ ముందు ఆవిడకే జరిగాయి. థైరాయిడ్, స్కానింగులు, ట్యూబుల ఎక్స్‌రే, మధ్యలో అత్తగారు తెప్పించిన పసరు మందు, మంగళవారాల ఉపవాసాలు. ఆవిడ రిపోర్టులన్నీ నార్మల్. చివరికి ఒక డాక్టరమ్మ గట్టిగా అడిగితే ఈయన వీర్య పరీక్ష చేయించుకున్నారు. శుక్రకణాలు సున్నా వచ్చాయి. కొన్ని వారాలాగి మళ్లీ చేయిస్తే మళ్లీ సున్నా. హార్మోన్లు చూస్తే వృషణాల్ని పనిచేయించే ఎఫ్‌ఎస్‌హెచ్ 34, ఎల్‌హెచ్ 19, రెండూ ఎక్కువే; మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ 210, తక్కువ. దాంతో క్రోమోజోముల పరీక్ష, అదే కేరియోటైపింగ్, రాశారు. '47, ఎక్స్ఎక్స్‌వై, క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్' అని రిపోర్టు వచ్చింది.

ఆ రిపోర్టు ఇప్పుడు ఆయన ఆఫీసు లాప్‌టాప్‌లో 'ట్యాక్స్' అనే ఫోల్డర్‌లో ఉంది. భార్యకి మాత్రం ఇంకా రాలేదనే చెబుతున్నారు, నెలన్నర నుంచీ. ఈలోగా ఒక డాక్టర్ 250 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేసి మూడు వారాలకోసారి రమ్మన్నారు. ఇంకో ఫెర్టిలిటీ సెంటర్‌లో కౌన్సిలర్ 'డోనర్‌తో చేసేద్దాం సార్, ఇంట్లో చెప్పక్కర్లేదు' అని ప్యాకేజీ రేటు చెప్పారట. ఊళ్లో తల్లి ఫోన్ చేసినప్పుడల్లా కోడల్ని తప్పుపట్టడం, ఆ మధ్య ఇంకో పెళ్లి మాట కూడా ఎత్తడం, ఈయన ఊఁ కొట్టి ఫోన్ పెట్టేయడం. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు, ఇది బయటపడితే ఆ అమ్మాయి పెళ్లికి అడ్డమవుతుందేమో అని ఒక భయం. అమ్మానాన్నలది మేనరికం, అందుకే ఇలా అయ్యిందా అని అనుమానం. ఇంటర్‌నెట్‌లో చదివినప్పటి నుంచీ 'నేను సగం ఆడదాన్నా' అనే ప్రశ్న నిద్ర పోనివ్వడం లేదట. చిన్నప్పటి నుంచీ ఛాతీ కొంచెం ఎత్తుగా ఉంటుంది కాబట్టి మే నెలలో కూడా ఇంట్లో చొక్కా కింద రెండు బనియన్లు వేసుకుంటానని రాశారు. ఇంజెక్షన్ కొనసాగించాలా, పిల్లలు పుడతారా, ఎవరికి ఏం చెప్పాలి, ఇవీ ఆయన అడిగినవి.

సార్, నిద్ర పట్టనివ్వని ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీరు మగవారే, పూర్తిగా. కడుపులో పిండం మగబిడ్డగా మారాలా వద్దా అన్నది వై క్రోమోజోమ్ మీద ఉండే ఎస్ఆర్‌వై అనే జన్యువు చూసుకుంటుంది, మీకు వై ఉంది, అది తన పని తాను చేసింది. మామూలుగా మగవాళ్లకి ఒక ఎక్స్, ఒక వై కలిపి మొత్తం 46 క్రోమోజోములు, మీకు పక్కన ఒక ఎక్స్ ఎక్కువ వచ్చి 47 అయ్యాయి. ఆ ఎక్స్‌లో ఎక్కువ భాగం పనిచేయకుండా మూతపడే ఉంటుంది, కొన్ని జన్యువులు మాత్రం మెలకువగా ఉంటాయి. మీ పొడవు, పొడుగాటి కాళ్లు, పల్చటి గడ్డం, ఛాతీ, వీర్యంలో సున్నా, ఇవన్నీ వాటివల్లా, వాటివల్ల వృషణాలు దెబ్బతినడంవల్లా వచ్చినవి. బోస్టన్‌లో హారీ క్లైన్‌ఫెల్టర్ అనే డాక్టర్ 1942లో ఇలాంటి తొమ్మిది మంది గురించి మొదట రాశారు, అప్పటికి కారణం తెలియదు. 1959లో ఎడిన్‌బరోలో ప్యాట్రీషియా జేకబ్స్, జాన్ స్ట్రాంగ్ కలిసి అదనపు ఎక్స్‌ని పట్టుకున్నారు. దాదాపు 600 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది. అంటే మీ కాలేజీలో మీ ఏడాది మగపిల్లలందరినీ లెక్కేస్తే ఇంకొకరు ఉండి ఉండవచ్చు, ఆయనకి తెలిసి ఉండకపోవచ్చు. నలుగురిలో ముగ్గురికి దాకా జీవితాంతం తెలియదు. తెలిసేవాళ్లకి ఎక్కువగా మీలాగే, పిల్లల కోసం తిరుగుతున్నప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ నాకు కోపం వచ్చే సంగతి ఒకటుంది. వృషణాల సైజు చూడటానికి అర నిమిషం చాలు. తాడుకి గుచ్చిన పూసల కొలత పక్కన పెట్టి చూస్తారు, మామూలుగా 15 నుంచి 25 మిల్లీలీటర్లు ఉండాల్సినవి ఇందులో సాధారణంగా 4కి మించవు, గట్టిగా కూడా ఉంటాయి. మీ ఉత్తరం ప్రకారం టైఫాయిడ్‌కి, పంటి నొప్పికి, చేయి విరిగినప్పుడు, పెళ్లికి ముందు ఇన్సూరెన్స్ మెడికల్‌కి డాక్టర్ల దగ్గరికి వెళ్లారు. ఒక్కరూ చూడలేదు, మీరూ చూపించలేదు. మనవైపు మగవాణ్ణి పరీక్షించాలంటే డాక్టర్‌కీ మొహమాటమే. అదే మీ ఆవిడని రెండేళ్లు పరీక్షించడానికి ఎవరికీ మొహమాటం అనిపించలేదు.

మేనరికం సంగతి. దానికీ దీనికీ సంబంధం లేదు. మేనరికంలో భయపడేవి వేరే రకం జబ్బులు, తల్లిలోనూ తండ్రిలోనూ నిద్రాణంగా ఉన్న ఒకే లోపం బిడ్డలో జతపడినప్పుడు వచ్చేవి. ఇది అండమో శుక్రకణమో తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగ్గా విడిపోకపోవడంవల్ల వస్తుంది. పేక పంచేటప్పుడు రెండు ముక్కలు అంటుకుని ఒకే చేతికి వెళ్లిపోయినట్టు, అంతే. ఇది దాదాపు సగం మందిలో తల్లి వైపు జరుగుతుంది, సగం మందిలో తండ్రి వైపు. ఎవరూ ఏదో తిని, ఏదో చేసి తెచ్చుకున్నది కాదు. వంశంలో దిగేది కూడా కాదు కాబట్టి మీ చెల్లి పెళ్లికి దీనికి ముడిపెట్టకండి. ఆమెకి పరీక్ష అక్కర్లేదు, ఆమె పిల్లలకి దీనివల్ల ప్రత్యేకంగా పెరిగే ముప్పూ లేదు. సంబంధం వాళ్లకి చెప్పాల్సిన విషయం ఇందులో ఏమీ లేదు, దాచడం అనే ప్రశ్నే రాదు.

ఇప్పుడు ఇంజెక్షన్. మీ ఉత్తరంలో అన్నిటికంటే తొందరగా తేలాల్సింది ఇదే. టెస్టోస్టిరాన్ మీకు అవసరమే, బహుశా జీవితాంతం. ఆ డాక్టర్ చెప్పింది తప్పు మందు కాదు. కానీ వరస తప్పింది. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఇక చాల్లే అనుకుని ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ పంపడం తగ్గించేస్తుంది. మీ వృషణాల్లో అక్కడక్కడా, ఒక మూల ఎక్కడో, కాసిని శుక్రకణాలు తయారవుతూ ఉండే అవకాశం ఉంది, అవి వీర్యంలోకి రానంత తక్కువ. ఈ హార్మోన్లు పడిపోతే ఆ కాసినీ ఆగిపోతాయి. అందుకని, మీ సొంత శుక్రకణాల కోసం ప్రయత్నిస్తారా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి, టెస్టోస్టిరాన్ తర్వాత. ఒక్క ఇంజెక్షన్ వల్ల అంతా పోయిందని టెన్షన్ పడకండి, దాని ప్రభావం తగ్గుతుంది. రెండోది మాత్రం తీసుకునే ముందు ఆ డాక్టర్‌ని నేరుగా అడగండి: 'పిల్లల కోసం ప్రయత్నించాలా వద్దా ఇంకా నిర్ణయించుకోలేదు, అప్పటిదాకా ఆపవచ్చా?' మంచి డాక్టరైతే ఆపుతారు. ఇంజెక్షన్ తర్వాత ఒంట్లో హుషారు వచ్చిందని రాశారు, నిజమే వస్తుంది, దాన్ని కొన్ని నెలలు వాయిదా వేయడం కష్టమే, కానీ ప్రాణం మీదికి వచ్చేది కాదు. ఇంకోమాట, టెస్టోస్టిరాన్ వేయించుకుంటే కౌంట్ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, కొందరు మెడికల్ షాపు వాళ్లు కూడా చెబుతారు. జరిగేది సరిగ్గా వ్యతిరేకం.

సొంత శుక్రకణాల దారి ఎలా ఉంటుందో దాచకుండా చెబుతాను. దాన్ని మైక్రో టెసె (micro-TESE) అంటారు. మత్తు ఇచ్చి, వృషణాన్ని తెరిచి, మైక్రోస్కోప్ కింద సర్జన్ గంటల తరబడి వెతుకుతారు. సన్నటి నాళాల మధ్య ఎక్కడైనా కొంచెం లావుగా తెల్లగా ఉన్న నాళం కనిపిస్తే చిన్న ముక్క తీసి పక్క గదిలో ఎంబ్రియాలజిస్టుకి పంపుతారు, ఆయన అందులో కణాలున్నాయేమో చూసి చెబుతారు. దొరికితే వాటిలో ఒక్కొక్కటీ తీసి మీ ఆవిడ అండంలోకి ఎక్కించడం, అదే ఇక్సీ. 2017లో వచ్చిన ఒక సమీక్షలో మీలాంటి పన్నెండు వందల మందికి పైగా లెక్కలు కలిపి చూస్తే నూటికి 44 మందిలో శుక్రకణాలు దొరికాయి. ఈ అంకె వరకు సెంటర్‌లో మీకు చెబుతారు. దాని తర్వాత వాక్యం చాలా చోట్ల చెప్పరు: దొరికిన వాళ్లందరికీ బిడ్డ పుట్టదు, ఆపరేషన్‌కి వెళ్లిన వాళ్లలో చివరికి బిడ్డని ఎత్తుకున్నవాళ్లు నూటికి 16 మంది. ఆరుగురిలో ఒకరు. మీకిది తక్కువా ఎక్కువా అన్నది నేను చెప్పలేను, కొందరు ఆ ఒక్క ఛాన్స్ కోసం వెళ్తారు, కొందరు వద్దనుకుంటారు, రెండూ అర్థమున్న నిర్ణయాలే. పుట్టిన పిల్లల్లో ఎక్కువ మంది క్రోమోజోములు మామూలుగానే ఉంటాయి, అనుమానమైతే పిండాన్ని గర్భంలో పెట్టకముందే పరీక్షించే వీలుంది.

ఆపరేషన్ వల్ల నష్టం కూడా ఉంది. అసలే తక్కువున్న టెస్టోస్టిరాన్ ఆ తర్వాత ఇంకా పడిపోతుంది, నెలలు గడిచాక కొంత కోలుకోవచ్చు. ఆపరేషన్‌కి ముందు ఒంట్లోని సొంత టెస్టోస్టిరాన్ పెంచడానికి లెట్రోజోల్, హెచ్‌సీజీ లాంటి మందులు కొన్ని నెలలు ఇస్తారు కొందరు, పెద్దగా ఉపయోగం ఉందని గట్టి రుజువులు లేవు, ఇస్తే ఎందుకో అడగండి. లేహ్యాలు, భస్మాలు, యూట్యూబ్‌లో వీర్యవృద్ధి పొడులు, వీటి మీద డబ్బు పెట్టకండి, క్రోమోజోమ్‌ని తీసేసే మందు ఏ పద్ధతిలోనూ లేదు.

ఇంకో ముఖ్యమైన లెక్క. మీ ఆపరేషన్, మీ ఆవిడ అండాలు తీయడం ఒకే రోజుకి కుదిరిస్తే తాజా కణాలతో పని జరుగుతుంది. కానీ ఆవిడ పది పన్నెండు రోజులు పొట్టకి ఇంజెక్షన్లు పొడిపించుకుని, ఆ రోజు మీకు ఏమీ దొరక్కపోతే? అండాలు ఫ్రీజ్ చేయాలా, డోనర్ వీర్యం వాడాలా, ఆపేయాలా, ఇది ఆపరేషన్ టేబుల్ పక్కన నిర్ణయించుకునే విషయం కాదు. లేదా ముందు మీ ఆపరేషన్ ఒక్కటే చేయించుకుని, దొరికితే ఫ్రీజ్ చేసి, ఆ తర్వాతే ఆవిడ వైపు మొదలుపెట్టవచ్చు. కరిగించేటప్పుడు కొన్ని కణాలు పోతాయి, అసలే కొన్నే ఉన్నప్పుడు అది పెద్ద నష్టమే. కానీ మీ ఆవిడ ఒళ్లు ఊరికే నలగదు. ఇప్పటికే రెండేళ్లు నలిగిన మనిషి కాబట్టి నా మొగ్గు రెండోదానివైపే, ఆవిడ వేరేలా అంటే ఆవిడ మాటే.

డోనర్ వీర్యం మంచి దారే, ఖర్చూ బాధా తక్కువ, మీ ఆవిడ వయసుకి అవకాశాలు బాగుంటాయి. కానీ 'ఇంట్లో చెప్పక్కర్లేదు' అన్న ఆ సెంటర్ గడప మళ్లీ తొక్కకండి. ఇలాంటి కృత్రిమ గర్భధారణ చికిత్సల కోసం వచ్చిన 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం భార్యాభర్తలిద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, వీర్యం రిజిస్టరైన బ్యాంకు నుంచే రావాలి. భార్యకి తెలియకుండా ఆవిడ గర్భంలో ఇంకొకరి వీర్యంతో పిండాన్ని పెట్టడం నేరం, చట్టం సంగతి పక్కన పెట్టినా ఆవిడకి అంతకంటే పెద్ద ద్రోహం నాకు తోచడం లేదు. తమ్ముడిదో బావమరిదిదో తీసుకుందామని ఇళ్లల్లో పెద్దవాళ్లు సలహా ఇస్తుంటారు, అదీ కుదరదు, డోనర్ ఎవరో మీకు తెలియకూడదు. అలా పుట్టిన బిడ్డ చట్టప్రకారం మీ బిడ్డే, డోనర్‌కి ఏ హక్కూ ఉండదు. దత్తత అనుకుంటే కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ కారా వెబ్‌సైట్‌లో ఇద్దరూ కలిసి నమోదు చేసుకోవాలి, పసిబిడ్డ కోసం ఏళ్లు పడుతుంది కాబట్టి ఆలోచన ఉంటే మిగతా ప్రయత్నాలు నడుస్తుండగానే నమోదు చేసుకునేవాళ్లున్నారు. పిల్లలు లేకుండా ఉందాం అనుకోవడం కూడా ఒక దారి, దాన్ని ఎవరూ ప్యాకేజీలో పెట్టి అమ్మరు కాబట్టి నేను చెబుతున్నాను.

గమనించారా, ఈ దారుల్లో ఒక్కటి కూడా మీరొక్కరే నడవగలిగింది లేదు. అందుకే మిగతా అన్నిట్లో మీ ఇష్టం అంటున్న నేను ఈ ఒక్కదాంట్లో అలా అనను. మీ ఆవిడకి చెప్పండి, ఈ వారంలో. చెప్పకపోతే ఏమవుతుందో మీరే రాశారు: ఆవిడ మంగళవారాలు పస్తులుంటోంది, మీ అమ్మగారి మాటలు పడుతోంది, అన్నీ మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న దానికి. ఇంకో ఏడాది తర్వాత ఏ ఫైల్లోనో ఆవిడకే కనిపిస్తే, జబ్బు గురించి బాధపడే ముందు ఈ నెలన్నర గురించి అడుగుతుంది. ఇప్పుడు చెబితే కోపం రావచ్చు, ఏడుపు రావచ్చు, నాలుగు రోజులు పుట్టింటికి వెళ్లి వస్తానని అనవచ్చు. వెళ్లనివ్వండి. విడాకులిస్తుందేమో అన్న మీ భయం గురించి ఒక మాట: పిల్లలు పుట్టకపోవడం ఒక్కటే హిందూ వివాహ చట్టంలో విడాకులకి కారణం కాదు, దాంపత్యానికి మీకేమీ ఇబ్బంది లేదని మీరే రాశారు, పైగా పెళ్లినాటికి మీకే తెలియదు. మోసం అనే మాట ఎక్కడా అతకదు, ఇకముందు దాస్తే మాత్రం చెప్పలేను. ఎలా చెప్పాలి అంటే, ఉపోద్ఘాతం వద్దు. రిపోర్టు ఆవిడ చేతిలో పెట్టి 'ఇది వచ్చి నెలన్నరైంది, భయపడి చెప్పలేదు, లోపం నాలో ఉంది, నీలో లేదు' అని చెప్పి ఊరుకోండి. ఆ తర్వాత ఆవిడ అడిగినవాటికే జవాబు. మిగతాది ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గర వినవచ్చు.

అమ్మగారికి అంతా చెప్పాలని లేదు. క్రోమోజోములు, ఎక్స్ వై, అవసరం లేదు, చెబితే ఊళ్లో అది ఏ రూపంలో తిరుగుతుందో మీకు తెలుసు. కానీ 'అమ్మా, డాక్టర్లు చూశారు, కోడలికి ఏమీ లేదు, సమస్య నాది, ఇంకో పెళ్లి మాట ఎత్తొద్దు' అనే నాలుగు ముక్కలు మీ నోటితోనే రావాలి. మీ ఆవిడ చెబితే అమ్మగారు నమ్మరు, నేను చెబితే అసలు వినరు. 'నీకేమైంది నాయనా' అని ఆవిడ పది రోజులు ఏడుస్తారు, ఆ ఏడుపు భరించడం కష్టమే, ఇప్పటిదాకా కోడలు భరించినదానితో పోలిస్తే తక్కువే.

పిల్లల సంగతి ఎటు తేలినా ఒంటి సంగతి మిగిలి ఉంటుంది, దీన్ని ఫెర్టిలిటీ సెంటర్లు పట్టించుకోవు. మీకు కావాల్సింది ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్. టెస్టోస్టిరాన్ తక్కువ ఏళ్ల తరబడి ఉంటే ఎముకలు గుల్లబారతాయి, నడుం చుట్టూ కొవ్వు చేరుతుంది, షుగర్ ముందుగా వస్తుంది. కాబట్టి ఒకసారి ఎముకల డెక్సా స్కాన్, విటమిన్ డి, మూడు నెలల షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్ చూపించుకోండి. కాలిలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా మామూలు మగవాళ్ల కంటే ఎక్కువ, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే బెణుకు అనుకుని బామ్ రాసుకుని కూర్చోకండి. ఛాతీ ఎత్తు ఇన్నేళ్ల తర్వాత ఇంజెక్షన్లతో తగ్గదు, ఇబ్బందిగా ఉంటే ప్లాస్టిక్ సర్జన్ దగ్గర చిన్న ఆపరేషన్‌తో తీయించుకోవచ్చు, రెండు బనియన్ల బాధ తప్పుతుంది. అక్కడ గట్టిగా గడ్డ తగిలితే మాత్రం వెంటనే చూపించండి, రొమ్ము క్యాన్సర్ మగవాళ్లలో అరుదే అయినా ఇందులో ఆ ముప్పు మామూలు మగవాళ్ల కంటే ఎక్కువ.

టెస్టోస్టిరాన్ మొదలుపెట్టే రోజు వచ్చాక రకాలున్నాయి. రెండు మూడు వారాలకోసారి వేసేది చవక, కానీ వేసిన వారం హుషారు, తర్వాత వారం నీరసం, మూడ్ కూడా అలాగే ఊగుతుంది. 1000 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ అయితే మొదటి రెండు డోసుల మధ్య ఆరు వారాలు, ఆ తర్వాత పది నుంచి పద్నాలుగు వారాలకోసారి, ఖరీదెక్కువ, ఊపు తక్కువ. రోజూ రాసుకునే జెల్ కూడా ఉంది, అది ఆరకముందు మీ ఆవిడకో ఇంట్లో చిన్నపిల్లలకో అంటుకోకుండా చూసుకోవాలి. ఏది వాడినా రక్తం చిక్కబడుతోందేమో చూడటానికి హెమటోక్రిట్ పరీక్ష తప్పదు, 54 శాతం దాటితే మందు ఆపి చూస్తారు. జిమ్‌లో ఎవరో తక్కువకి ఇప్పిస్తానన్నారని రాశారు, వద్దు.

ఇంకో చోట అభిప్రాయం కావాలంటే బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీ జెనెటిక్స్ సంస్థ, నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం మీకు దగ్గరే. ఇద్దరూ వెళ్లండి. రిపోర్టులో ఎన్ని కణాలు చూశారో, అన్నిటిలోనూ 47 ఉందా లేక కొన్నిటిలో మామూలు 46 కూడా ఉందా అని అడగండి, కలగలుపుగా ఉంటే శుక్రకణాలు దొరికే అవకాశం కొంచెం మెరుగు. టెస్టోస్టిరాన్ మళ్లీ చూడమంటే ఉదయం పదిలోపు, పరగడుపున రక్తం ఇవ్వండి, సాయంత్రం ఇస్తే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఇంజెక్షన్ ఏ తేదీన వేయించుకున్నారో, దాని పేరేమిటో ఫైల్ మీద రాసి తీసుకెళ్లండి, మొదట అడిగేది అదే.